ఎనభై ఏడో వంతు

గుడివాడ నుంచి బందరుకి ముప్ఫై ఏడు కిలోమీటర్లు, బొమ్మ రైలు కోసం దాన్ని ఎనభై ఏడో వంతుకి కుదించినా నాలుగు వందల పాతిక మీటర్లవుతుంది, ముందుగదిలో రెండు ఇనప స్టాండ్ల మీద పరిచిన ప్లైవుడ్ చెక్క పొడవు చూస్తే ఎనిమిదంటే ఎనిమిదడుగులు, కాబట్టి ఊళ్ళు కొట్టెయ్యాలి, నూజెళ్ళ పోయినా ఎవరూ ఏడవరు, గుడ్లవల్లేరు ఉండాలి, కాలేజీ పిల్లలు దిగే స్టేషను, కవుతరం ఉంటే ఉంది లేకపోతే లేదు, వడ్లమన్నాడు పోనీ, పెడన... పెన్సిలు అక్కడ ఆగింది. రోజూ అక్కడే ఆగుతోంది. గోడ గడియారంలో నాలుగూ అయిదు. అయిదింటికి రైల్వే పోలీసు హెడ్ కానిస్టేబుల్ వెంకటాద్రి వస్తాడు, కాగితం తెస్తాడు. "ఒక్క సంతకం పెట్టేశారంటే ఫైలు మూసేద్దామండి, మీరు హాయిగా డ్యూటీ ఎక్కెయ్యొచ్చు" అన్నాడు పొద్దున ఫోన్లో, కరెంటు బిల్లు కట్టెయ్యమన్నంత తేలిగ్గా. పన్నెండు రోజుల కిందట శ్యాంబాబు నడుపుతున్న పాసింజరు బండి పెడన దాటాక రత్నం అనే ఒకావిడని కొట్టేసింది. ఆ రోజు నుంచి అతను సిక్ లీవులో ఉన్నాడు, ఒంట్లో ఏ జబ్బూ లేదు, తిండి తింటున్నాడు, తిన్నది అరుగుతోంది, అదే సిగ్గుగా ఉంది. ఇంకో యాభై అయిదు నిమిషాల్లో ఆ కాగితం మీద సంతకం పెట్టాలి, లేదా పెట్టకూడదు. ఈలోపల వంపు ఎక్కడ తిప్పాలో తేల్చుకోవాలి.

అసలు లైనులో వంపులనేవి దాదాపు లేవు, ఎటు చూసినా వరిచేలు, కాలవలు, చేపల చెరువులు, వాటి మధ్యనుంచి స్కేలు పెట్టి గీసినట్టు పోతుంది బండి, కానీ చెక్క మీద అలా తిన్నగా గీస్తే ఎనిమిదడుగులకే రైలు బల్ల దిగి నేల మీద పడుతుంది, అందుకని బల్ల మీద రైలుకి వంపు తప్పదు, వంపుకి అడుగున్నర వ్యాసార్ధమైనా ఉండాలి, అంతకంటే బిగిస్తే పెట్టెలు పట్టాలు తప్పుతాయి, బందరు చివరి స్టేషను గనక అక్కడ ఇంజను ఊడి, పక్క పట్టాల మీదుగా వెనక్కొచ్చి, తోక వైపు తగులుకోడానికి ఇంకో లైను కావాలి, దానికి రెండడుగులు పోయాయి, మిగిలినదాంట్లో ఒక్కటే పెద్ద వంపు పడుతుంది, దాన్ని ఎక్కడ పెట్టాలి? మూడు నెలల నుంచీ ఇదే. పడుకున్నా ఇదే, తింటున్నా ఇదే, చర్చిలో పాస్టరుగారు వాక్యం చెబుతున్నా పాటల పుస్తకం అట్ట మీద వేలితో ఇదే గీసేవాడు. డ్యూటీలో ఉన్నా ఇదే. డ్యూటీలో ఉన్నా ఇదే అన్న మాట పన్నెండు రోజులుగా ఎవరితోనూ అనలేదు, భార్య షీబాతో కూడా అనలేదు, అనకుండా ఉన్నకొద్దీ అది లోపల పెరుగుతోంది.

దివిసీమలో పుట్టినవాడికి రైలంటే వినికిడే గాని చూపు లేదు, ఆ సీమలో పట్టాలే లేవు, పదకొండో ఏట నాన్న ప్రకాశరావు పంటి నొప్పికి బందరు ఆస్పత్రికి తీసుకొచ్చి, పన్ను పీకించి, ఏడుపు మాన్పడానికి స్టేషనుకి తీసుకెళ్ళాడు. నోట్లో దూది, నాలిక మీద ఉప్పటి నెత్తురు, ఎదురుగా నల్లటి ఇంజను ఊడిపోయి పక్క లైన్లోంచి ఒంటరిగా నడుచుకుంటూ వచ్చింది. "అదేంటి నాన్నా, తల తోకైపోయింది?" అంటే నాన్న, పల్లెటూరి ఎలిమెంటరీ బడి మాస్టారు, "దీనికి తలా తోకా ఉండవురా, ఎటు నడిపేవాడుంటే అటే తల" అన్నాడు. నాన్న మాటలన్నీ అలాగే ఉండేవి, సగం పాఠం, సగం ప్రసంగం. భోజనం ముందు ప్రార్థన గబగబా ముగించి చెయ్యి కంచంలో పెడితే మణికట్టు పట్టుకుని ఆపేవాడు, "ఆమేన్ అన్నంత మాత్రాన ప్రార్థన చేసినట్టు కాదురా" అనేవాడు. పోయి ఎనిమిదేళ్ళయింది. ఉండి ఉంటే ఈ పన్నెండు రోజుల్లో ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని కళ్ళజోడు మీదనుంచి చూసేవాడు, అప్పుడు అన్నీ చెప్పెయ్యాల్సి వచ్చేది. ఆయన లేకపోవడం మంచిదైందని మొదటిసారి అనిపించింది, అనిపించినందుకు ఒళ్ళు జలదరించింది.

ఇంజను క్యాబులో ఉన్న ఇద్దరూ ఎదురొచ్చే ప్రతి సిగ్నల్నీ, ప్రతి బోర్డునీ పైకి అనుకోవాలి, అది కట్టుబాటు. ముందు అసిస్టెంటు చెయ్యెత్తి చూపిస్తూ అంటాడు, వెంటనే బండి నడిపే పైలటూ చెయ్యెత్తి అదే మాట తిరిగి అంటాడు, కన్ను తప్పకుండా, కునుకు పట్టకుండా పెద్దలు ఆలోచించి పెట్టిన పద్ధతి. పందొమ్మిదేళ్ళుగా అంటూనే ఉన్నాడు, నిద్దట్లో కూడా చెయ్యెత్తి "గ్రీన్" అంటాడని పెళ్ళయిన కొత్తలో షీబా చుట్టాలందరికీ చెప్పి నవ్వేది. ఆ రోజు పొద్దున పదింబావుకి, పెడన దాటాక, అసిస్టెంటు అనంతకృష్ణ చెయ్యెత్తి "విజిల్ బోర్డు" అన్నాడు. శ్యాంబాబూ చెయ్యెత్తి "విజిల్ బోర్డు" అన్నాడు. గొంతు స్పష్టంగా ఉంది, చెయ్యి సరిగ్గా లేచింది, పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు పక్కనుంటే భేష్ అనేవాడు. ఆ బోర్డు కనబడితే కూత వెయ్యాలి, లేచిన చెయ్యి హారన్ మీదికి రావాలి. రాలేదు. తిరిగొచ్చి మోకాలి మీద కూర్చుంది. మాట అనేశాక పని కూడా అయిపోయినట్టే అనిపించింది, కూత తన చెవులకి వినిపించినట్టే ఉంది, ఇప్పుడు కూడా కళ్ళు మూసుకుంటే వినిపిస్తుంది, అదే దారుణం. బోర్డు నుంచి జనం పట్టాలు దాటే కాలిబాట దాకా ఆరువందల మీటర్లు, తొంభై స్పీడులో ఇరవై నాలుగు సెకన్లు. ఇదివరకు డీజిలు ఇంజన్ల రోజుల్లో బండి వస్తోందంటే రెండు మైళ్ళ అవతలే నేల అదిరేది, ఇప్పుడు కరెంటు ఇంజను, పిల్లి నడిచినట్టు వస్తుంది, కూత వెయ్యకపోతే వచ్చిన సంగతి మీద పడేదాకా తెలీదు.

అక్కడ ఒకప్పుడు గేటు ఉండేది. గేటు ఎత్తేసి పట్టాల కింద నుంచి దారి వేశారు, వానలు పడితే అందులో మోకాలి లోతు నీళ్ళు, అందుకని జనం పాత అలవాటు కొద్దీ పైనుంచే దాటతారు. రత్నం అద్దకం పని చేసే మనిషి. కలంకారీ బట్టని పారే నీళ్ళలో ఉతకాలి, నిలవ నీళ్ళలో ఉతికితే రంగు పాకుతుంది, అందుకని కాలవకి వెళ్ళి ఉతుక్కుని, తడి బట్టల మూట నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. బండి ఆగాక దిగి వెళ్ళి చూస్తే ఇంజను ముందున్న ఇనప కమ్మీలకి గజాల కొద్దీ బట్ట చుట్టుకుపోయి ఉంది, ఎర్రటి లతలు, నల్లటి నెమళ్ళు, తడి కారుతోంది, ఏది రంగో ఏది రక్తమో తెలియలేదు. గార్డుగారు దూరం నుంచి పరిగెత్తుకొస్తున్నాడు. అనంతకృష్ణ మొహం పాలిపోయింది, ముప్ఫై రెండేళ్ళవాడు, ఇంట్లో భార్యకి ఏడో నెల, అతను శ్యాంబాబు మొహంలోకి చూశాడు. అప్పుడు శ్యాంబాబు అన్నాడు, "హారన్ కొట్టాం కదా?" ప్రశ్న లాగే అన్నాడు, కానీ అది ప్రశ్న కాదని ఇద్దరికీ తెలుసు. "కొట్టాం సార్" అన్నాడు అనంతకృష్ణ, చెయ్యెత్తి బోర్డు చూపించినప్పటి గొంతుతోనే. ఆ ఇంజనులో వేగం నమోదవుతుంది, బ్రేకు నమోదవుతుంది, కూత నమోదు కాదు. తర్వాత పోలీసులొచ్చినప్పుడు శ్యాంబాబు, వాళ్ళు అడక్కుండానే, ఇంకో ముక్క కూడా కలిపాడు. "ఎంత కూసినా తప్పుకోలేదండి, పాపం చెవుడనుకుంటాను" అన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, ఎంత బాగా అతికిందో చూశారా! బతికినన్నాళ్ళూ ఆవిడకి లేని చెవుడు చచ్చిన అరగంటకి వచ్చింది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు పేరు పెట్టి పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. బండిలో ఉన్న వందల మందిని దేవుడు తన సేవకుడి చేతుల మీదుగా ఎలా కాపాడాడో సంఘానికి వినిపించమన్నారు. లేచి నిలబడ్డాడు, మైకు పుచ్చుకున్నాడు. "ప్రభువు కృప వల్ల ప్రయాణికులెవరికీ దెబ్బ తగల్లేదు, నేను కూత వేస్తూనే ఉన్నాను, బ్రేకు వేస్తూనే ఉన్నాను" అన్నాడు, ఆడవాళ్ళ వైపు నుంచి సౌభాగ్యమ్మగారు "స్తోత్రం" అంది, మిగతావాళ్ళు "ఆమేన్" అన్నారు, బైబిలు ఒళ్ళో పెట్టుకుని షీబా తల వంచుకుని ఏడ్చింది, భర్త బాధ చూడలేక ఏడుస్తోందని పక్కావిడ భుజం నిమిరింది. పోలీసుకి చెప్పింది ఒక ఎత్తు, పీఠం ముందు నిలబడి చెప్పింది ఒక ఎత్తు. ఇంటికొచ్చి కోడికూర తిన్నాడు. తేలు కుట్టిన దొంగకి నోరు పెగలదంటారు, ఇతనికి మైకులో కూడా పెగిలింది.

గడియారంలో నాలుగున్నర. కాకపోతే వంపు చిలకలపూడి దగ్గర తిప్పితే? తిప్పొచ్చు, అప్పుడు పెడన దాటాక అంతా తిన్నగా వస్తుంది, పట్టాల కింది తూము వస్తుంది, కాలిబాట వస్తుంది. కాలిబాట ఎందుకు, అది లేకుండా గియ్యలేమా, చెక్క నాది, పెన్సిలు నాది, కవుతరాన్ని కొట్టేసినవాణ్ణి గజం కాలిబాటని కొట్టెయ్యలేనా? కొట్టేస్తే ఆవిడ ఎటు నుంచి దాటుతుంది? భానుమతి గొంతు చెవిలో మెదిలింది. రత్నం కూతురు. ఆ రోజు బందరు ఆస్పత్రి శవాలగది బయట, చింపిరి జుట్టుతో, అద్దకం రంగు గోళ్ళలో ఇంకా పోని చేతులతో, అక్కడున్న వాళ్ళందర్నీ ఒక్కటే అడుగుతోంది. "మా అమ్మకి చెవుడని ఎవరు చెప్పారండీ? రంగు ఉడుకుతుంటే పక్క గదిలో కూర్చుని చప్పుడు బట్టి చెప్పేదండి, దించెయ్యండే మాడిపోద్దని. కాలవ గట్టు మీద పోయే సైకిలు ఎవరిదో ఇంట్లో ఉండి చెప్పేదండి. మాకు రైలు కూతే గడియారమండి, కూతకి ఆగుతాం, బండి పోయాక దాటతాం, నలభై ఏళ్ళ నుంచీ అంతేనండి." సంతకాల కోసం వెళ్ళిన శ్యాంబాబు జేబులోని రైల్వే కార్డు ఎలా కనబడిందో ఏమో, నేరుగా దగ్గరికొచ్చింది. "మీరు రైల్వేవాళ్ళా సార్? చదువుకున్నోళ్ళు, మీరైనా చెప్పండి సార్, చెవిటిదైతే ఎవరి తప్పూ లేదని రాసేస్తారంట." అతను "కనుక్కుంటానమ్మా" అన్నాడు. కనుక్కోవడానికేముంది, కనుక్కోవాల్సినదంతా తన నోట్లోనే ఉంది.

ఇంకొకటుంది, అది అనంతకృష్ణకి కూడా తెలియదు. అసలు ఆ ఇరవై నాలుగు సెకన్లలో శ్యాంబాబు ముందుకే చూస్తున్నాడు. కళ్ళు మూతలు పడలేదు, ఫోను చూడలేదు, బుద్ధిగా పట్టాల వైపే చూస్తున్నాడు, చూస్తూ తూముని కొలుస్తున్నాడు, ఎనభై ఏడో వంతు చేస్తే అగ్గిపెట్టె అంత ఉంటుందా, గోడకి సిమెంటు రంగు వెయ్యాలా, నాచు రంగు వెయ్యాలా అని. అంతలో ఎడమ వైపు గట్టు మీదికి ఎర్రటి మూటతో ఒక ఆడమనిషి ఎక్కింది. దూరం నుంచి వేలిగోరంత ఉంది. చూశాడు. చూసి, ఎంత బాగుంది, ఇలాంటి బొమ్మ ఒకటి సరిగ్గా ఇక్కడ పెడితే చెక్కకి ప్రాణమొస్తుంది, అనుకున్నాడు. నెత్తి మీద మూటకి ఎర్ర గుడ్డపేలిక చాలు, అనుకున్నాడు. ఒక్క సెకను, మహా అయితే రెండు. ఆవిడ అప్పటికే కూత లేదు కాబట్టి బండి లేదనుకుని కాలు ముందుకు వేసింది. బొమ్మ పెద్దదైంది, మొహం వచ్చింది, మొహంలో కళ్ళు వచ్చాయి, అప్పుడు గాని చెయ్యి బ్రేకు మీదికి పోలేదు. పశువుని చూసినా కూత వేస్తాడే మనిషి! మనిషిని చూసి బొమ్మ అనుకున్నాడు. ఇది ఎవరికి చెప్పాలి, ఏ కాగితంలో ఇది రాయడానికి గడి ఉంటుంది? శ్యాంబాబు మంచినీళ్ళ కోసం లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

షీబా టీ తెచ్చి చెక్క అంచు మీద పెట్టింది. గుడివాడలోనే బళ్ళో పనిచేస్తుంది, వచ్చి చీరైనా మార్చుకోలేదు. కాసేపు గీతల వంక చూసింది. "ఏవండీ, ఆయనొస్తే మాట పొడిగించకండి. పెట్టేసి పంపించెయ్యండి" అంది. అతను పెన్సిలు ములుకు చూసుకుంటుంటే, "ఉద్యోగం పోతే మీరొక్కరే పోరు, ఆ అనంతకృష్ణ కూడా పోతాడు. ఆ పిల్ల కడుపుతో ఉంది" అంది. ఏం జరిగిందో షీబాకి ఎవరూ చెప్పలేదు, ఆదివారం తల వంచుకుని ఏడ్చిన దగ్గర్నుంచీ ఆవిడ అడగలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేముంది? చనిపోయిన మనిషి చనిపోయింది, బతికున్న ముగ్గురు నలుగురి నోటి దగ్గర కూడు తీసెయ్యడం ఏం న్యాయం? కానీ చెవుడు. ఆ ఒక్క మాట. అవును, ఆ ఒక్క మాటేగా ఆ పిల్ల అడిగింది! కూత గురించి అడగలేదు, ఎవర్నీ శిక్షించమనలేదు, మా అమ్మ చెవిటిది కాదు అని మాత్రమే అంది. ఆ మాట కొట్టేయిస్తే చాలు, మిగతా కాగితం ఎలా ఉంటే అలా ఉండనీ, అనంతకృష్ణ ఉద్యోగమూ ఉంటుంది, రత్నం చెవులూ ఆవిడకి తిరిగొస్తాయి. ఇంత సులువైన దారి పన్నెండు రోజులుగా ఎందుకు తట్టలేదో! గుండెల మీద బరువు దిగినట్టయింది. టీ మొత్తం తాగేశాడు. పెన్సిలు తీసుకుని పెడన దాటించాడు, పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి, చిలకలపూడి దగ్గర అడుగున్నర వ్యాసార్ధంతో వంపు తిప్పి, బందరు దాకా ఆపకుండా గీసేశాడు.

వెంకటాద్రి అయిదింటికి రెండు నిమిషాల ముందే వచ్చాడు. ఆరేళ్ళ పరిచయం, మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే విడిచి, చెక్క వంక చూసి "భలే గీశారండీ శ్యాంబాబు గారూ" అని మెచ్చుకుని, కుర్చీలో కూర్చుని కాగితం చదవడం మొదలుపెట్టాడు. తేదీ, బండి నంబరు, హారన్ పలుమార్లు మోగించినప్పటికీ, మృతురాలికి వినికిడి లోపం ఉన్నందున...

"ఆ మాట కొట్టెయ్యండి" అన్నాడు శ్యాంబాబు. "ఆవిడకి చెవుడు లేదు. నేనేదో కంగారులో అన్నాను."

వెంకటాద్రి కళ్ళజోడు తీసి ఓపిగ్గా తుడుచుకున్నాడు. "అది కొట్టేస్తే ఎలాగండీ? కూత వేశామని మీరిద్దరూ రాసిచ్చారు. ఆవిడకి చెవులు బాగానే ఉన్నాయంటున్నారు. కూత విని కూడా పట్టాల మీదికొచ్చిందంటే ఏమని రాయాలండీ నేను? కావాలనే పడిందని రాయాలి. ఆ కూతురు అసలే అల్లాడిపోతోంది, మీ అమ్మ ఆత్మహత్య చేసుకుందని కాగితం చేతిలో పెడితే తట్టుకుంటుందా? ఇద్దరాడపిల్లలున్నారు దానికి. చెవుడే నయమండి, నా మాట వినండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి, అనుకున్నాడు శ్యాంబాబు, అనుకుని, కాదు, మూడోది ఉంది, అది మొదట్నుంచీ ఉంది, అది తప్పించడానికే ఇన్నాళ్ళూ ఇన్ని గీతలు గీశాను, అనుకున్నాడు. చెవిటిదాన్ని చేశాను, ఇప్పుడు చావుని వెతుక్కున్నదాన్ని చెయ్యబోయాను, కూత కోసం నలభై ఏళ్ళు ఆగిన మనిషిని. అనంతకృష్ణ భార్య మొహం గుర్తు రాబోతే రానివ్వలేదు.

"నేను హారన్ కొట్టలేదండి" అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వెంకటాద్రి గుమ్మం వైపు ఒకసారి, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు. "నాకేం వినపడలేదనుకుంటాను సార్. రేపొస్తాను. రాత్రికి ఒకసారి అమ్మగారితో మాట్లాడుకోండి."

"బోర్డు చూశాను. నోటితో అన్నాను. కొట్టలేదు. ఆవిడ్ని కూడా చూశాను." ఈసారి గట్టిగా అన్నాడు, వీధిలో వెళ్ళేవాళ్ళు తల తిప్పేంత గట్టిగా. "అనంతకృష్ణ చేత అబద్ధం చెప్పించింది నేనే. అది కూడా రాయండి."

వంటింట్లోంచి షీబా ఏడుపు వినిపించలేదు. వెంకటాద్రి తెచ్చిన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు, సంచీలోంచి తెల్ల కాగితం ఒకటి తీశాడు, చెక్క మీద పెన్సిలుతో గీసిన పట్టాల మీదే దాన్ని పరిచి, పెన్ను మూత తీశాడు. తల ఎత్తలేదు.

"పేరు చెప్పు" అన్నాడు.